ఉరిశిక్ష ఖరారైన నా పాత విద్యార్థి కోసం ఉత్తరం రాయమంటున్నారు. రాయాలా, వద్దా?

పాత హాజరుపట్టీ

అందరికీ నమస్కారం. ఈ సంగతి ఇంట్లో కూడా పూర్తిగా చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను.

నేను ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు బడుల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. పది రోజుల కిందట ఒక లాయరమ్మాయి ఫోన్ చేసింది. నా దగ్గర ఆరు, ఏడు తరగతులు చదివిన ఒక అబ్బాయికి ఉరిశిక్ష ఖరారైందట. హైకోర్టు ఖాయం చేసింది, సుప్రీంకోర్టులో అప్పీలు పోయింది, తీర్పు మళ్లీ చూడమన్న రివ్యూ కూడా పోయింది. ఇప్పుడు గవర్నరుకు క్షమాభిక్ష అర్జీ పెడుతున్నారు. "చిన్నప్పుడు అతన్ని చూసినవాళ్లలో మాకు దొరికింది మీరొక్కరే మేడమ్. గుర్తున్నది గుర్తున్నట్టు రాసివ్వండి" అంది.

వాడు చేసిన పని ఇక్కడ చెప్పకుండా అడిగితే మీ దగ్గర దాచినట్టవుతుంది. దొంగతనానికి ఒక ఇంట్లో దూరి, లేచి అరిచిందని ఒక పెద్దావిణ్ణి చంపాడు. పక్కనే పడుకున్న ఆవిడ మనవరాలినీ చంపాడు. ఆ పాపకు తొమ్మిదేళ్లు. మా బడే, నాలుగో తరగతి. ఆ ఏడాది పంద్రాగస్టుకు ఆ పాప చేత పద్యం చెప్పించింది నేనే. మూడో పాదం దగ్గర ఆగిపోయి నా వైపు చూసింది, నేను పెదవులు కదిపితే అందుకుంది. వాళ్లమ్మ ఇప్పటికీ దారిలో కనిపిస్తే ఆగి పలకరిస్తుంది.

వాడి గురించి నాకు గుర్తున్నవి ఇవీ. 'ళ' రాయడం వచ్చేది కాదు. ఎన్నిసార్లు దిద్దించినా 'ల' రాసి దానికో తోక తగిలించేవాడు. సాయంత్రం బోర్డు తుడిచే పని అడిగి మరీ తీసుకునేవాడు. మొదట్లో శ్రద్ధ అనుకున్నాను. ఇంటికి ఆలస్యంగా వెళ్లడానికని తర్వాత తెలిసింది. తండ్రి బెల్టుతో కొట్టేవాడు. ఒకరోజు చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంటే చూశాను. వాళ్లింటికెళ్లి తండ్రితో మాట్లాడాను. మర్నాడు వాడు కుంటుతూ వచ్చాడు. ఆ తర్వాత నేను మళ్లీ వెళ్లలేదు, ఎవరికీ చెప్పలేదు. ఏడో తరగతి జనవరిలో వాడు బడి మానేశాడు. హాజరుపట్టీలో వరసగా గైర్హాజరు వేసుకుంటూ పోయి, మార్చిలో పేరు కొట్టేశాను.

నా సందేహం ఇది. ఇదంతా రాస్తే తొమ్మిదేళ్ల పాపను చంపిన పనికి సాకు వెతికినట్టు కాదా? దెబ్బలు తిన్న పిల్లలు నా క్లాసుల్లో ఇంకా ఎంతమందో ఉన్నారు, వాళ్లెవరూ హంతకులు కాలేదు. పైగా ఇరవై ఏళ్లుగా నేను వాణ్ని చూడలేదు. మారాడని ఏ నోటితో రాయను? ఆ తల్లికి తెలిస్తే ఆవిడ ముఖం ఎలా చూడను? చట్టం తెలిసినవాళ్లు, జైళ్లతో పరిచయం ఉన్నవాళ్లు, ఇలాంటి నష్టం తగిలినవాళ్లు కూడా చెప్పండి.

సెషన్స్ కోర్టు మెట్లు

టీచర్ గారూ, నేను పంతొమ్మిదేళ్లుగా క్రిమినల్ ప్రాక్టీసులో ఉన్నాను. రెండు ఉరి కేసుల్లో శిక్ష మీద వాదనల వరకే పనిచేశాను.

ముందుగా ఒకటి స్పష్టం చేసుకుందాం. మీ ఉత్తరం వాడు నిర్దోషి అని చెప్పదు, నేరం చిన్నదనీ చెప్పదు. నేరం రుజువైపోయింది, అది ఇక కదలదు. బచ్చన్ సింగ్ కేసులో 1980లో సుప్రీంకోర్టు 'అత్యంత అరుదైన' కేసుల్లోనే ఉరి అన్నప్పుడు నేరాన్ని ఒక్కదాన్నే చూడమనలేదు, నేరం చేసిన మనిషినీ చూడమంది. ఈ మనిషి బాగుపడే అవకాశం లేదని చూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదేనని కూడా ఆ తీర్పులోనే ఉంది.

కింది కోర్టుల్లో జరిగేది వేరు. పొద్దున దోషి అని తేల్చి, చాలాసార్లు అదే పూట "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా" అని అడుగుతారు. బోనులో ఉన్నవాడు "ముసలి తల్లి ఉందయ్యా, పెళ్లాం పిల్లలున్నారయ్యా" అంటాడు. తీర్పులో ఆ వాక్యం ఒక్కటే మిగులుతుంది. బెల్టు, అంటుకుపోయిన చొక్కా, జనవరిలో ఆగిపోయిన చదువు ఏ కాగితం మీదికీ రావు. 2022 మే నెలలో మనోజ్ వర్సెస్ మధ్యప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని మార్చబోయింది. విచారణ దశలోనే ముద్దాయి కుటుంబ నేపథ్యం, మానసిక స్థితి, జైలు ప్రవర్తన మీద నివేదికలు తెప్పించుకోవాలంది. మీరు చెప్పిన లెక్కన మీ వాడి విచారణ అంతకుముందే అయిపోయి ఉండాలి. అంటే అతని చిన్నతనం ఒక ప్రభుత్వ ఫైలులోకి ఎక్కడం ఇదే మొదటిసారి కావచ్చు.

రాజ్యాంగంలో గవర్నరుకు 161వ అధికరణం కింద, రాష్ట్రపతికి 72వ అధికరణం కింద ఈ క్షమాభిక్ష అధికారం ఉంది. ఇద్దరూ మంత్రివర్గం సలహా మీదే నడుస్తారు. ఇది ఇంకో అప్పీలు కాదు. కోర్టు చూడలేని వాటిని, చూడని వాటిని కూడా ఇక్కడ చూడొచ్చు. 1988 నాటి కేహర్ సింగ్ తీర్పు ప్రకారం రాష్ట్రపతి సాక్ష్యాలను సైతం తనంతట తాను పరిశీలించి, కోర్టుకు భిన్నమైన అభిప్రాయానికి రావచ్చు.

గడువు తక్కువ, అది మర్చిపోకండి. 2024 జులై 1 నుంచి పాత సీఆర్పీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 472వ సెక్షన్ చూడండి. పై కోర్టులో కేసు పోయినట్టు జైలు సూపరింటెండెంట్ తెలియజేసిన రోజు నుంచి 30 రోజుల్లో అర్జీ పడాలి. గవర్నరు కాదంటే 60 రోజుల్లో రాష్ట్రపతికి. లాయరమ్మాయి ఫోన్ చేసి అప్పుడే పది రోజులైంది.

ఉత్తరంలో "మంచి పిల్లవాడు", "మారి ఉంటాడు" అనే మాటలు రాయొద్దు. మీరు చూడనిది మీరు రాస్తే చూసినదాని బరువు కూడా పోతుంది. ఇక్కడ రాసినవే రాయండి. బోర్డు తుడవడం రాయండి. మీరు వాళ్లింటికి వెళ్లి వచ్చాక జరిగినదీ, తర్వాత మళ్లీ వెళ్లకపోవడమూ రాయండి.

ఇంకో పని. బడికెళ్లి అడ్మిషన్ రిజిస్టరు నకలు తీసుకోండి. నేరం నాటికి మీ వాడు పెద్దవాడే అని నాకు అర్థమైంది, అయినా తీసుకోండి. 1994 నాటి పుణె హత్యల కేసులో ఉరిశిక్ష పడ్డ ఒకతను జైల్లో మొత్తం 28 ఏళ్లు గడిపాడు. నేరం నాటికి అతనికి పన్నెండున్నరేళ్లేనని సుప్రీంకోర్టు 2023 మార్చిలో తేల్చి వదిలిపెట్టింది. అది తేల్చడానికి ఆధారం ఒక మారుమూల బడి రికార్డు.

నలుగురిలో ఒకడు

రాయకండి టీచర్ గారూ. తొమ్మిదేళ్ల పిల్ల. ఇంకేం ఆలోచన?

చిన్నోడి అక్క

మేడమ్, మీరు ఇలాంటి నష్టం తగిలినవాళ్లను కూడా చెప్పమన్నారు కాబట్టి రాస్తున్నాను. మా తమ్ముణ్ణి చంపారు. పన్నెండేళ్లయింది. ఉరి పడింది, పైకోర్టులో యావజ్జీవం అయింది. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. టీవీలో కింద పరిగెత్తే అక్షరాల్లో మా అమ్మ చదివింది. చదవడం కూడా మెల్లగా వచ్చు ఆవిడకు, ఆ పట్టీ రెండోసారి తిరిగొచ్చేదాకా చూసి అప్పుడు నన్ను పిలిచింది.

చంపినవాడి చిన్నతనం మీద రాసేవాళ్లుంటారు. వాడు బొమ్మలేశాడు, పరీక్ష పాసయ్యాడు అంటారు. మా తమ్ముడి చిన్నతనం ఎవరికి కావాలి? చిలకలూరిపేట బస్సు కేసు మీకు గుర్తుండే ఉంటుంది. 1993 మార్చి 8. దోపిడీకి ఎక్కి పెట్రోలు పోసి తగలబెడితే 23 మంది కాలిపోయారు. ఇద్దరికి ఉరి పడింది. శంకర్ దయాళ్ శర్మ గారు క్షమాభిక్ష కాదన్నారు. ఉరితీసే తేదీ దాకా వచ్చి ఆగింది. 1998లో కె.ఆర్. నారాయణన్ గారు యావజ్జీవంగా మార్చారు. ఆ ఇద్దరి గురించి సభలు జరిగాయి, వ్యాసాలు వచ్చాయి. ఆ 23 మందిలో ఒక్కరి పేరు చెప్పండి. నాకూ తెలియదు, అదే నా బాధ.

ఇంకొకటి. క్షమ అనే పేరుతో పలుకుబడి ఉన్నవాళ్లకు జరిగేవి చూశాం. ఏపూరు సుధాకర్ కేసులో మన రాష్ట్ర గవర్నరు ఇచ్చిన శిక్ష తగ్గింపును 2006లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అది ఉరి కేసు కాదు. కానీ ఫైలులో ఆ ఖైదీని మంచి పార్టీ కార్యకర్త అని రాశారు! హతుల కొడుకులు సుప్రీంకోర్టు దాకా వెళ్తేనే అది బయటపడింది. మా అమ్మ లాంటివాళ్లు ఎక్కడికి వెళ్తారు?

అయినా మిమ్మల్ని రాయొద్దనను. మా తమ్ముణ్ణి చంపినవాణ్ణి ఉరి తీసి ఉంటే మా అమ్మకు నిద్రపట్టేదా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. జవాబు రాలేదు. తీర్పు కోసం ఎదురుచూసిన ఆ ఏళ్లు మాత్రం ఆవిణ్ణి తినేశాయి. ఢిల్లీ బస్సు కేసులో ఆ తల్లి 2012 డిసెంబర్ నుంచి 2020 మార్చి 20 తెల్లవారుజాము దాకా కోర్టుల చుట్టూ తిరిగింది. ప్రతి వాయిదాకూ ఆ రాత్రి మళ్లీ మొదటినుంచి జరిగినట్టే ఉంటుంది మేడమ్.

మీరు రాస్తే, ముందు ఆ పాప తల్లికి మీ నోటితో చెప్పండి. పేపర్లో చూడనివ్వకండి. ఆవిడ తిడితే నిలబడి వినండి. అంతకంటే నేనేం అడగను.

మూడో నంబరు గేటు

అమ్మా, నేను జైళ్ల శాఖలో వార్డర్‌గా చేరి చీఫ్ హెడ్ వార్డర్‌గా దిగాను. ఏ జైలో చెప్పను. ఉరి పడ్డవాళ్ల సెల్లుల దగ్గర నా డ్యూటీ అంతా కలిపి ఆరేళ్లు. "మారాడని ఏ నోటితో రాయను" అన్నారు మీరు. దానికి నాకు తెలిసింది చెబుతాను, కాస్త పొడవవుతుంది.

మామూలు ఖైదీకి పొద్దున లేస్తే పని ఉంటుంది. మగ్గాలు, వడ్రంగం, తోట, వంటశాల. దాన్నిబట్టి కూలీ, సత్ప్రవర్తన కింద రెమిషన్ అంటే శిక్ష తగ్గింపు, పెరోల్. చదువుకునేవాడికి క్లాసులు, దూరవిద్య. ఉరి పడ్డవాడికి ఇవేవీ ఉండవు, ఉన్నా అరకొర. 1894 నాటి ప్రిజన్స్ చట్టం 30వ సెక్షన్ వాణ్ని విడిగా సెల్లులో పెట్టి రాత్రింబగళ్లు కాపలా కాయమంది. ఉరి ఇక ఏ దారిలోనూ ఆగదని తేలేదాకా అలా ఒంటరిగా పెట్టకూడదని 1978లోనే సునీల్ బాత్రా తీర్పు వచ్చింది. కాగితం మీద వచ్చింది. నా కాలంలో సెషన్స్ కోర్టులో శిక్ష పడి వచ్చిన రోజు నుంచే విడిగా పెట్టడం నేను చూశాను. వాడు తనను తాను చంపుకుంటే మా ఉద్యోగాలు పోతాయన్న భయమే అన్నిటికంటే పెద్ద రూలు.

అలా ఏడెనిమిదేళ్లు పోయాక పైనుంచి అడుగుతారు, ఖైదీలో సంస్కరణ కనిపిస్తోందా అని. ఏం రాస్తాం? పని ఇవ్వలేదు, బడికి పంపలేదు, నలుగురితో కలవనివ్వలేదు. "ప్రవర్తన సంతృప్తికరం" అని రెండు మాటలు రాసి సంతకం కోసం పంపుతాం. అలాంటి కాగితాలు నేనే మోసుకెళ్లి ఇచ్చాను. ఆ రెండు మాటల మీద పైన ఒక ప్రాణం సంగతి తేలుస్తారని అప్పుడు తట్టలేదు. రిటైరయ్యాక తట్టింది.

ఒకతను ఉండేవాడు. చదువు సున్నా. పక్క సెల్లులో డిగ్రీ చదివిన ఖైదీ ఉండేవాడు. మధ్యలో గోడ. వీడు గోడకు చెవి పెట్టుకుని కూర్చునేవాడు, అవతలివాడు "అ అంటే ముందు గుండ్రంగా తిప్పు" అని చెప్పేవాడు. పలక ఇప్పించమని నన్నడిగాడు. పలక చట్రం చెక్క కదా, దాంతో ఏమైనా చేసుకుంటాడని మా ఆఫీసరు ఒప్పుకోలేదు. సుద్దముక్క ఇచ్చాను. నేల మీద రాసి చేత్తో తుడుచుకునేవాడు. పద్నాలుగు నెలలు పట్టింది. మొదటి ఉత్తరం తల్లికి రాశాడు, నాలుగు వాక్యాలు. ములాఖత్‌కు వచ్చినప్పుడు ఆవిడ ఆ ఉత్తరం చూపించి "ఇది నువ్వే రాశావా" అని అడిగింది. ఇది ఏ రిపోర్టులోనూ లేదమ్మా. రిపోర్టులో ఆ సంగతి రాయడానికి గడి లేదు.

అతనికి తర్వాత యావజ్జీవం అయింది. బ్యారక్‌కు మార్చిన మొదటి వారం నిద్రపోలేదు. సెల్లులో రాత్రంతా లైటు వెలిగే ఉండేది, కాపలావాడికి కనిపించాలని. బ్యారక్‌లో చీకటి పడితే అతనికి ఊపిరాడేది కాదు. మగ్గం మీద కూర్చోబెడితే మొదట చేతులు వణికేవి. ఏడాదికల్లా దుప్పట్ల పనిలో అందరికంటే ముందుండేవాడు. ఉరి తప్పింది కాబట్టి బయటికొచ్చేస్తాడని జనం అనుకుంటారు, అది తప్పు. ఉరిని యావజ్జీవం చేశాక కనీసం 14 ఏళ్లు గడవనిదే విడుదల మాటే లేదు. ఇప్పుడైతే కోర్టులు 25 ఏళ్లు, 30 ఏళ్లు రెమిషన్ లేకుండా అని కూడా వేస్తున్నాయి.

అందరూ మారతారని మాత్రం చెప్పను. ఇంకొకడు నాతో నవ్వుతూ మాట్లాడేవాడు, చంపినవాళ్ల గురించి కూడా అదే నవ్వుతో చెప్పేవాడు. వాడి దగ్గర డ్యూటీ పడితే ఇంటికెళ్లి నా పిల్లల్ని దగ్గరికి తీసుకోవడానికి నాకు గంట పట్టేది. వాణ్ని ఉరి తీయొద్దని నేను ఇప్పుడంటాను, కానీ బయటికి పంపమని ఎప్పుడూ అనను.

నేను చేరినప్పుడున్న సీనియర్లలో ముషీరాబాద్ జైల్లో పనిచేసినవాళ్లు ఇద్దరున్నారు. 1975 డిసెంబర్ 1న నక్సలైట్ ఉద్యమంలోని భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీసిన జైలది. ఎమర్జెన్సీ రోజులు. క్షమాభిక్ష అర్జీ పోయింది. ఆ తెల్లవారుజాము గురించి అడిగితే ఇద్దరూ మాట మార్చేవాళ్లు. ఇప్పుడా స్థలంలో గాంధీ ఆసుపత్రి ఉంది. అటు వెళ్లినప్పుడల్లా నాకు ఆ ఇద్దరు ముసలి వార్డర్ల ముఖాలే గుర్తొస్తాయి. లీవరు లాగే పని కూడా మాలాంటి ఎవడో ఒకడు చేయాలి కదమ్మా.

మీరు రాసేటప్పుడు లాయరమ్మాయికి ఈ ప్రశ్న వేయండి. ఇన్నేళ్లలో అతనికి పని ఇచ్చారా, క్లాసుకు పంపారా, ఎన్ని ములాఖత్‌లు వచ్చాయి, మానసిక వైద్యుడు ఎన్నిసార్లు చూశాడు. అవి అర్జీలో రావాలి. 2014 జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ తీర్పుతో సుప్రీంకోర్టు ఒకేసారి 15 మంది ఉరిని యావజ్జీవంగా మార్చింది. అర్జీల మీద ఏళ్లూ పూళ్లూ నాన్చడం, మతి చెడిన ఖైదీలను పట్టించుకోకపోవడం అందులో కారణాలు. జైలు రికార్డు లేకపోతే అవి బయటపడేవి కావు.

సెషన్స్ కోర్టు మెట్లు

గేటు గారు చెప్పింది మా వాదనల్లో ఎన్నిసార్లో చెప్పాలనుకుని సరైన మాటలు దొరకలేదు. అవకాశం ఇవ్వకుండా ఉంచి, మార్పు కనిపించలేదనడం. టీచర్ గారూ, దానికి లాయరమ్మాయిని జైలు రికార్డు మొత్తం అడుగుతూ సమాచార హక్కు దరఖాస్తుతో పాటు నేరుగా సూపరింటెండెంట్‌కు కూడా లేఖ పెట్టమనండి.

అక్క గారికి ఒక మాట. మీ అమ్మగారికి ఎవరూ చెప్పకపోవడం ఘోరం. అర్జీ తోసిపుచ్చితే ఖైదీ కుటుంబానికి తెలపాలని శత్రుఘ్న చౌహాన్ తీర్పులో ఉంది. పోయినవాళ్ల కుటుంబానికి కూడా అలాగే తెలపాలని నేను కోరుకుంటాను. ఇక "రాయకండి" అన్న సోదరుడికి: మహారాష్ట్రలో సంచార జాతికి చెందిన ఆరుగురికి ఇదే సుప్రీంకోర్టు 2009లో ఉరి ఖరారు చేసి, 2019 మార్చిలో వాళ్లు నేరమే చేయలేదని వదిలిపెట్టింది. మధ్యలో ఎవరైనా తొందరపడి ఉంటే ఆ రెండో తీర్పు ఎవరికి చదివి వినిపించేవాళ్లం?

పాత హాజరుపట్టీ

అందరికీ దండం. నాలుగు రోజులు రాయలేకపోయాను.

అక్క గారు చెప్పినట్టే మొదట ఆ పాప వాళ్లింటికి వెళ్లాను. కూర్చోమంది. వాడికి ఉరి తప్పించమని అర్జీ పెడుతున్నారు, అందులో వాడి చిన్నతనం గురించి నన్ను రాయమన్నారు అని చెప్పాను. ఆవిడ తిట్టలేదు. చాలాసేపు కొంగు అంచు మడతలు పెడుతూ కూర్చుంది. "వాడు మీ దగ్గర చదువుకున్నాడా" అని అడిగింది, అది ఆవిడకు తెలియదు. తర్వాత "నాతో చెప్పకుండా రాసినా నాకేం తెలిసేది" అంది. సరేననలేదు, వద్దననూ లేదు. నేను కూడా అడగలేదు. గేటు దాకా వచ్చి, "పంద్రాగస్టు నాడు దిగిన ఫొటో బడిలో ఉంటుందా టీచర్? నా దగ్గరున్నది చిన్నది, ముఖం సరిగా కనపడదు" అంది.

ఉత్తరం రాత్రి రాశాను. రెండు పేజీలు వచ్చింది. 'ళ' సంగతి రాశాను. నేను రెండోసారి వాళ్లింటికి వెళ్లని సంగతి రాయడానికే ఎక్కువసేపు పట్టింది. పాప గురించి కూడా ఒక పేరా ఉంది, అది తీసేయమంటే ఉత్తరం ఇవ్వనని లాయరమ్మాయితో చెప్పాను. ఉంచుదాం అంది. జైల్లో వాడికి ఇన్నేళ్లూ ఏ పనీ ఇవ్వలేదట. ములాఖత్‌కు తల్లి రెండుసార్లు వచ్చి, తర్వాత చనిపోయిందట.

రిజిస్టరులో వాడి పుట్టినరోజు జూన్ నెలలోనే ఉంటుంది, నాకు ఇప్పుడే తెలుసు. బడిలో చేర్చడానికి వయసు సరిపోవాలని ఆ రోజుల్లో సగం మందికి జూన్ రాసేవాళ్లం. అయినా నకలు తీసుకుంటాను. ఫోన్ చేస్తే హెడ్మాస్టరు గారు సోమవారం రమ్మన్నారు. అడ్మిషన్ రిజిస్టర్లూ పంద్రాగస్టు ఆల్బములూ ఒకే బీరువాలో ఉంటాయి. కింది అర తాళం బిగుసుకుపోతుంది, పైకెత్తి తిప్పాలి.